టెక్సాస్‌లో పిల్లలకి బాతుల వేట నేర్పే యూత్ వీకెండ్: మా అమ్మాయితో వెళ్ళొచ్చాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, 5కి 4.5 ఇస్తున్నా, ఆ అర మార్కు ఎందుకు తగ్గిందో కింద వస్తుంది. హ్యూస్టన్‌కి పడమటి వైపు వరి పొలాల్లో వాలంటీర్లు నడిపే చిన్న గ్రూప్ ఇది, కేటీ దాటి ఈగల్ లేక్ వైపు వెళ్తే వచ్చే ప్రాంతం. 16 ఏళ్ళ లోపు పిల్లల్ని తీసుకెళ్ళి బాతుల వేట ఎలా చెయ్యాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు చెయ్యకూడదో నేర్పిస్తారు. గ్రూప్ పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ళు తీసుకునేదే కొద్దిమందిని, ఈ పోస్ట్ చూసి వందమంది ఫోన్లు చేస్తే ఆ పెద్దవాళ్ళు తట్టుకోలేరు. కానీ ఇలాంటివి టెక్సాస్‌లో చాలా ఉన్నాయి, ఎక్కడ వెతకాలో, మంచిదా కాదా ఎలా తేల్చుకోవాలో చెప్తా.

మా అమ్మాయికి 13. స్కూల్లో తన ఫ్రెండ్ ఏటా వాళ్ళ తాతయ్యతో వెళ్తుంది, ఆ కబుర్లు విని విని రెండేళ్ళుగా మా వెంట పడింది. మా ఇంట్లో తుపాకీ లేదు, మా వారికి ఆ ఆసక్తీ లేదు. నాకు మాత్రం బాతులంటే చిన్నప్పటి నుంచీ వేరే లెక్క, మాది కైకలూరు వైపు, కొల్లేరు పక్కన. చలికాలం వచ్చిందంటే పరజలు దిగేవి, ఆకాశం నల్లబడేది. మా తాతయ్య తరంలో వాటిని వలలేసి పట్టడం, సంతలో అమ్మడం మామూలే, తర్వాత 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది, ఇప్పుడు అక్కడ పిట్టని పడితే నేరం, అలాగే ఉండాలి కూడా. అందుకే అమ్మకి వీడియో కాల్లో విషయం చెప్తే మొహం మాడ్చుకుని "ఏంటే, ఇక్కడ పరజని కొడితే కేసవుద్ది, అక్కడ క్లాసు పెట్టి మరీ నేర్పుతారా, ఆడపిల్లకి తుపాకీ ఇప్పిస్తావా?" అంది. ఆ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇది చదివే తెలుగు పేరెంట్స్ చాలామందికి అదే ప్రశ్న వస్తుందని తెలుసు, కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

మొదట పేపర్ వర్క్. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్ళందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కావాలి, సర్టిఫికెట్ రావాలంటే కనీసం 9 ఏళ్ళు ఉండాలి. పెద్దవాళ్ళు మొత్తం ఆన్‌లైన్‌లో చేసేసుకోవచ్చు గానీ పిల్లలు మనిషి ఎదురుగా నిలబడి తుపాకీ పట్టుకోవడం చూపించాల్సిందే, అది చాలా మంచి రూల్. యూత్ లైసెన్స్ 7 డాలర్లు. లైసెన్స్ కొనేటప్పుడు హిప్ సర్టిఫికేషన్ అని కొన్ని ప్రశ్నలు అడుగుతారు, పోయిన సీజన్లో వలస పక్షుల్ని వేటాడావా, ఎన్ని అని, దాన్నిబట్టే ప్రభుత్వం వేట లెక్కల సర్వేకి ఎవర్ని అడగాలో తేల్చుకునేది కాబట్టి గబగబా నో నో అని కొట్టెయ్యకుండా నిజం చెప్పండి. 16 నిండిన వాళ్ళకి ఫెడరల్ డక్ స్టాంప్ (బాతుల వేటకి పర్మిట్ లాంటిది) కూడా కావాలి, 25 డాలర్లు.

మనవాళ్ళకి అన్నిటికన్నా ముఖ్యమైనది వీసా సంగతి. హెచ్1బీ, హెచ్4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, వ్యాలిడ్ హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. అంటే ప్రాక్టీస్‌కని అరువు తుపాకీ పట్టుకునే ముందే పిల్లకీ మీకూ చేతిలో లైసెన్స్ ఉండాలి. మా అందరికీ గ్రీన్ కార్డులు వచ్చేశాయి కాబట్టి ఆ ఇబ్బంది లేకపోయింది, కానీ అప్లికేషన్‌లో ఈ ప్రశ్న ఎక్కడా లేదు, మెంటర్లకి దీని గురించి అసలు తెలియదు, వాళ్ళ జీవితంలో అవసరం పడలేదు కదా. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్ని ఒక్క మెయిల్ పెట్టి అడిగి అప్పుడు అప్లై చెయ్యండి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇక అసలు ప్రోగ్రామ్. అక్టోబర్‌లో ఒక శనివారం మొత్తం ట్రైనింగ్, తర్వాత యూత్ వీకెండ్‌లో వేట. యూత్ వీకెండ్ అంటే రెగ్యులర్ సీజన్ మొదలయ్యే ముందు పిల్లల కోసం ప్రత్యేకంగా వదిలే రోజులు, 1996 నుంచి ఫెడరల్ రూల్స్‌లో ఉంది. ఆ రోజుల్లో పక్కన పెద్దవాళ్ళు ఉండి తీరాలి, కానీ పెద్దవాళ్ళు బాతుల్ని కొట్టకూడదు. నాకు ఈ రూల్ విలువ అక్కడికెళ్ళాకే తెలిసింది. పక్కనున్న మనిషి చేతిలో తుపాకీ లేకపోతే ఆయన కళ్ళు రెండూ పిల్ల మీదే ఉంటాయి, నాక్కూడా ఒక ఛాన్స్ వస్తే బాగుండు అనే ఆత్రం ఉండదు, బాతు పోతే పోయింది అని నిజంగా అనగలడు.

ట్రైనింగ్ రోజు పొద్దున తుపాకీ ముట్టుకోనివ్వలేదు. మొత్తం పక్షుల్ని గుర్తుపట్టడమే. బల్ల మీద ఎండబెట్టిన రెక్కలు పరిచారు, మల్లార్డ్, గాడ్వాల్, రెండు రకాల టీల్, విజన్, సూదితోక ఉండే పిన్‌టెయిల్, చెంచాలాంటి ముక్కుండే షవలర్. తర్వాత స్క్రీన్ మీద ఎగిరే వీడియోలు, రెండు సెకన్లు చూపించి ఆపేస్తారు, ఏంటది, మగదా ఆడదా, కొట్టొచ్చా లేదా అని అడుగుతారు. పిల్లలు మొదట్లో తప్పులు చెప్తారు, మధ్యాహ్నానికి మా అమ్మాయి రెక్క మీద తెల్ల మచ్చ చూసి గాడ్వాల్ అని చెప్పేస్తోంది. ఇదంతా ఎందుకంటే లిమిట్ మొత్తం బాతుల మీద ఒక్కటే కాదు. రోజుకి 6 బాతులు, అందులో మల్లార్డ్ 5కి మించకూడదు, వాటిలో ఆడవి 2కి మించకూడదు, వుడ్ డక్ 3, రెడ్‌హెడ్ 2, పిన్‌టెయిల్ చాలా ఏళ్ళు ఒక్కటే ఉండేది, 2025-26 సీజన్ నుంచి 3 చేశారు. ఏటా మారొచ్చు కాబట్టి ఆ ఏడాది రూల్స్ బుక్‌లెట్ చూడాల్సిందే. ట్రిగ్గర్ నొక్కాక చూసుకుందాంలే అంటే కుదరదు, పైనున్నప్పుడే తెలియాలి.

నన్ను కదిలించింది ఏంటంటే ఆ రెక్కల్లో సగం నాకు తెలిసినవే. పిన్‌టెయిల్, షవలర్, గాడ్వాల్, ఇవి కొల్లేరుకీ వస్తాయి, అవే జాతులు. అక్కడికి మధ్య ఆసియా, సైబీరియా నుంచి దిగుతాయి, ఇక్కడికి డకోటాలు, కెనడా మైదానాల్లోని చిన్న చిన్న నీటి గుంటల నుంచి. నేను ఆ మాట చెప్తే మా మెంటర్, డెబ్బై దాటిన పెద్దాయన, రిటైరైన టీచర్, క్లాసు ఆపి మరీ కొల్లేరు గురించి అడిగారు, ఎంత లోతు ఉంటుంది, వరి వేస్తారా, నీళ్ళెవరు వదులుతారు అని, నేను చేపల చెరువుల గురించి, 2006లో వాటి గట్లు కొట్టేసిన సంగతి చెప్పా. ఆయన పిల్లల వైపు తిరిగి "విన్నారా, అక్కడైనా ఇక్కడైనా బాతుకి కావాల్సింది లోతు తక్కువ నీళ్ళు, మనిషికి కావాల్సింది అదే నేల" అన్నారు. తర్వాత కేటీ గురించి చెప్పారు. మనం ఇప్పుడు ఉంటున్న సబ్‌డివిజన్లు చాలావరకు ఒకప్పటి వరి పొలాలు, శీతాకాలంలో స్నో గీస్ (ఒక రకం పెద్దబాతులు) తెల్లగా దుప్పటి పరిచినట్టు దిగేవట, వరి తగ్గేకొద్దీ అవీ తగ్గాయి, చాలావరకు ఆర్కాన్సా వైపు ఆగిపోతున్నాయి. తుపాకీ కంటే ముందు ఈ సంగతి చెప్పిన మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

ఇక్కడి వరి గురించి మన గోదావరి జిల్లాల వాళ్ళకి ఇంకో ముక్క. ఇక్కడ మొదటి కోత అయ్యాక ఆ దుబ్బుల నుంచే రెండో పంట తీస్తారు, శీతాకాలంలో కొన్ని మళ్ళకి నీళ్ళు పెట్టి ఉంచుతారు, రాలిన గింజల కోసం బాతులు వస్తాయి. మామూలుగా సాగు చేసి కోసిన పొలంలో వేటాడొచ్చు, కానీ బాతుల కోసమని గింజలు చల్లితే అది బెయిటింగ్, ఫెడరల్ నేరం, గింజలన్నీ తీసేశాక కూడా 10 రోజులు ఆ చోట వేట నిషేధం. రైతుని అడిగి, పొలం తిరిగి చూసి, నేల మీద గింజ ఎందుకుందో తెలుసుకుని అప్పుడు మాటు వెయ్యడం వేటగాడి బాధ్యతే అని పిల్లల చేత చెప్పించారు. టెక్సాస్‌లో నేల చాలావరకు ప్రైవేటుదే కదా, గేటు ఎలా ఉంటే అలా వెయ్యాలి, ఖాళీ షెల్స్ ఏరుకోవాలి, వెళ్ళేటప్పుడు రైతుకి థాంక్స్ చెప్పాలి, ఇవన్నీ మార్కులు వేసినంత సీరియస్‌గా చెప్పారు.

మధ్యాహ్నం తుపాకీ. పిల్లలకి 20 గేజ్, అంటే చిన్న సైజు షాట్‌గన్, వెనక కర్ర పొట్టిది, వాళ్ళవే, అరువు ఇస్తారు. చాలామంది నాన్నలు తమ పెద్ద 12 గేజ్ పిల్ల చేతిలో పెడతారు, భుజానికి ఒక్క దెబ్బ తగిలితే ఇక కళ్ళు మూసుకుని పేల్చడం అలవాటవుతుంది, ఆ భయం పోదు, అందుకే తుపాకీ ఒంటికి సరిపడేలా చూడటానికే గంట తీసుకున్నారు. చెవులకి మఫ్స్, కళ్ళకి అద్దాలు లేకుండా రేంజ్ దగ్గరికి రానివ్వలేదు, పేరెంట్స్‌ని కూడా. వలస పక్షుల వేటలో షాట్‌గన్ మూడు తూటాలకి మించి పట్టకూడదు, ప్లగ్ వేసి ఉంటుంది, కానీ వీళ్ళు పిల్లలకి ఒక్కో తూటానే ఇస్తారు, అదీ మెంటర్ చేతి నుంచే. క్లే పావురాలు (గాల్లోకి విసిరే మట్టి బిళ్ళలు) కొట్టించారు, తర్వాత ఒక డికాయ్‌ని, అంటే బాతు బొమ్మని, గడ్డిలో పెట్టి ఎంత దూరమో చెప్పమన్నారు. పిల్లలందరూ దూరాన్ని తక్కువ చెప్పారు, పెద్దవాళ్ళం కూడా అంతే. 30 గజాలు దాటితే పేల్చకూడదని గ్రూప్ రూల్. దూరం నుంచి పేలిస్తే బాతు చావదు, గాయంతో ఎగిరిపోయి ఎక్కడో గడ్డిలో పడి చస్తుంది, ఆ లెక్క ఎవరికీ కనపడదు అని పెద్దాయన చెప్పినప్పుడు గదిలో ఎవరూ కదల్లేదు.

సీసం గురించి కూడా ఇక్కడే చెప్పారు, ఇది మన ఇళ్ళల్లో కోడి కోసే వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. బాతు కందనకాయలో గింజలు నలగడానికి చిన్న చిన్న రాళ్ళు మింగుతుంది, చెరువు అడుగున పడున్న సీసం గుళ్ళని కూడా రాళ్ళనుకునో గింజలనుకునో మింగేసేది, అవి కందనకాయలో అరిగి విషం ఒంట్లోకి ఎక్కి తుపాకీ దెబ్బ తగలని బాతులు కూడా చచ్చేవి, వాటిని తిన్న గద్దలు కూడా. అందుకని 1991 నుంచి దేశమంతా బాతులు, గీస్ వేటలో సీసం నిషేధం, స్టీల్ లాంటివే వాడాలి. జేబులో పాత సీసం తూటా ఒక్కటి ఉన్నా తప్పే, అందుకే పిల్లల జేబులు కూడా చూశారు.

వేట రోజు గురించి రాయాలంటే చీకట్లో లేచి వేడర్స్ (నీళ్ళల్లో నడవడానికి తడవని ప్యాంట్లు) వేసుకోవడం, బురదలో నడక, దోమలు, ఇవన్నీ ఎవరైనా చెప్తారు, వదిలేస్తా. నేను చెప్పాల్సింది వెలుగు రాకముందు జరిగిన సంగతి. షూటింగ్ టైమ్ సూర్యోదయానికి అరగంట ముందు మొదలు. మేం మాటులో కూర్చున్నాం, గడ్డి కట్టిన చెక్క బ్లైండ్, అమ్మాయి మధ్యలో, మెంటర్ కుడివైపు, నేను వెనక. టైమ్‌కి ఇంకా పది నిమిషాలు ఉందనగా టీల్ గుంపు ఒకటి సర్రున వచ్చి సరిగ్గా డికాయ్‌ల మధ్య దిగింది, చెయ్యి చాపితే అందేంత దగ్గర అనిపించింది, నీళ్ళల్లో తిరుగుతూ గింజలు తింటున్నాయి. అమ్మాయి ఊపిరి కూడా తీయట్లేదు. పెద్దాయన వాచీ చూపించి తల అడ్డంగా ఊపారు అంతే. చుట్టూ మైళ్ళ దూరం ఎవరూ లేరు, వేట రూల్స్ చూసే గేమ్ వార్డెన్ లేడు. మేం అలాగే చూస్తూ కూర్చున్నాం. టైమ్ అవ్వడానికి కొంచెం ముందు అవి తమంతట అవే లేచి వెళ్ళిపోయాయి. ఆయన మెల్లగా "ఈ పొద్దుట మనకి వచ్చిన అన్నిటికన్నా మంచి ఛాన్స్ అదే, నువ్వు దాన్ని సరిగ్గా వాడుకున్నావు" అన్నారు. నేను ఇచ్చిన మార్కుల్లో సగం ఆ పది నిమిషాలకే.

తర్వాత తెల్లారాక గోధుమరంగు బాతు ఒకటి ఒంటరిగా వచ్చింది. ఆడ మల్లార్డా, మాటిల్డ్ డకా? ఈ మాటిల్డ్ డక్ ఇక్కడి టెక్సాస్ కోస్తా లాంటి చిత్తడిలోనే ఉండిపోయే బాతు, వలస పోదు, సంఖ్య తగ్గింది కాబట్టి రెగ్యులర్ సీజన్ మొదటి ఐదు రోజులు అసలు కొట్టకూడదు, తర్వాత కూడా రోజుకి ఒక్కటే. దూరం నుంచి ఆడ మల్లార్డ్‌లాగే ఉంటుంది. అమ్మాయి తుపాకీ ఎత్తింది, మళ్ళీ దించేసి "నాకు తెలియట్లేదు" అంది. "అయితే అయిపోయింది, తెలియకపోతే కొట్టం" అన్నారాయన. బైనాక్యులర్స్‌లో చూసి అదేంటో ఆయన చెప్పేస్తారని నేననుకున్నా, చెప్పలేదు, తను తేల్చుకోలేకపోయింది కాబట్టి అక్కడితో ఆ విషయం ముగిసింది. పక్షి పేరు కన్నా ఆ అలవాటు ముఖ్యమని ఆయన ఉద్దేశం అనుకుంటా.

పిల్ల కొట్టింది గాడ్వాల్ ఒకటి. పడింది, కానీ చావలేదు, రెక్క విరిగి గడ్డిలోకి ఈదుకుంటూ పోయింది. ఆ క్షణంలో అంతా ఆగిపోయింది. ఇంకో గుంపు పైన తిరుగుతోంది, ఎవరూ తలెత్తలేదు. తుపాకీ ఖాళీ చేయించి, ల్యాబ్రడార్ కుక్కని వదిలారు, అది దొరకబుచ్చుకునేదాకా వేరే పని లేదు. పడిన పక్షి కోసం చేతనైనంత వెతకాలని చట్టమే చెప్తుంది, వీళ్ళు దాన్ని చట్టంలా కాకుండా బాకీలా చూస్తారు. కుక్క తెచ్చాక మెంటర్ దాన్ని ఒక్క క్షణంలో బాధ లేకుండా ముగించి, ఏం చేశారో ఎందుకు చేశారో దాచకుండా చెప్పి, అమ్మాయి చేతిలో పెట్టారు. చప్పట్లు, కేకలు, హై ఫైవ్‌లు ఏమీ లేవు. అమ్మాయి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఏడవకు అనలేదాయన, "నాకిప్పటికీ ఇలాగే ఉంటుంది, అలా అనిపించని రోజు మానేస్తా" అన్నారు. కాసేపు కొట్టనంది, సరే అని ఆయన తూటాలు జేబులో వేసుకుని బాతుల పిలుపులు నేర్పించారు, ఆ గంటంతా ఏ ఒత్తిడీ లేదు, ఇంత దూరం వచ్చాం కదా ఇంకోటి కొట్టు అని ఎవ్వరూ అనలేదు.

శుభ్రం చెయ్యడం పిల్లలే చెయ్యాలి, పేరెంట్స్ చేతులు పెట్టకూడదు. చాలామంది వేటగాళ్ళు రొమ్ము మాంసం మాత్రం తీసుకుని మిగతాది పారేస్తారు, వీళ్ళు కాళ్ళు, గుండె, కందనకాయ అన్నీ తీయించారు, ఇది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికి చేరేదాకా ఒక రెక్క ఈకలతో అలాగే ఉంచాలి, లేదా తల ఉంచాలి, దారిలో ఆఫీసర్ ఆపితే ఏ జాతో తెలియాలి కాబట్టి. కాలికి రింగు ఉన్న బాతు పక్క బ్లైండ్ వాళ్ళకి దొరికింది, ఆ నంబర్ని బర్డ్ బ్యాండింగ్ లాబ్‌కి ఆన్‌లైన్లో రిపోర్ట్ చేస్తే దానికి ఎక్కడ, ఎప్పుడు రింగు వేశారో తిరిగి చెప్తారు, పిల్లలందరూ ఆ ఫోన్ చుట్టూ మూగారు.

వంట గురించి మనవాళ్ళకి రెండు ముక్కలు. అక్కడ రొమ్ముని పైపైన కాల్చి లోపల ఎర్రగా ఉంచి పెట్టారు, నాకు సయించలేదు గానీ అమ్మాయి తినేసింది. ఇంట్లో నేను ఇగురు పెట్టా, అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు కాస్త ఎక్కువ, సన్న సెగ మీద చాలాసేపు. అడవి బాతుకి ఫారం బాతులా కొవ్వు ఉండదు, గబగబా ఉడికిస్తే తోలులా అవుతుంది. స్టీల్ గుళ్ళు మాంసంలో ఉంటాయి, కడిగేటప్పుడు వేళ్ళతో తడిమి తీసెయ్యండి, లేకపోతే పన్ను విరుగుతుంది.

డబ్బు ఎక్కడికి పోతుందో పిల్లలకి చెప్పడం కూడా నాకు బాగా నచ్చింది. డక్ స్టాంప్ 1934లో మొదలైంది, అప్పుడు ఒక్క డాలర్, మొదటి బొమ్మ గీసింది డింగ్ డార్లింగ్ అనే కార్టూనిస్ట్. ఇప్పటికీ స్టాంప్ మీద ప్రతి డాలర్‌లో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికో కాపాడటానికో వెళ్తాయి. 1937లో వచ్చిన చట్టం ప్రకారం షాట్‌గన్ల మీద, తూటాల మీద 11 శాతం ఫెడరల్ పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళ్తుంది. సైన్స్ పత్రికలో 2019లో వచ్చిన స్టడీ ప్రకారం 1970 నుంచి ఉత్తర అమెరికాలో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయి, అందులో బాతులు, గీస్ మాత్రం 56 శాతం పెరిగాయి. దీన్ని చూసి వేటగాళ్ళే పక్షుల్ని కాపాడారు అని పూర్తిగా ఒప్పుకోను, నీళ్ళు, వానలు, రైతులు, చట్టాలు అన్నీ ఉన్నాయి, కానీ ఈ డబ్బు లేకుండా ఆ గుంటలు మిగిలేవి కావు అనేది మాత్రం నిజమే అనిపించింది. వేట ఇష్టం లేని వాళ్ళు కూడా స్టాంప్ కొనొచ్చు, ఎంట్రీ ఫీజు ఉన్న నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌ల్లోకి (అభయారణ్యాల్లోకి) అది చూపిస్తే ఫ్రీ. మా వారు అదే చేశారు, ఆయన తుపాకీ పట్టరు, కెమెరా పడతారు.

నచ్చనివి. చిన్న సైజు వేడర్స్ సరిపడా లేవు, మా అమ్మాయికి ఇచ్చినవి రెండు సైజులు పెద్దవి, బురదలో అది సేఫ్టీ సమస్యే, నీళ్ళు లోపలికి రాకుండా నడుముకి బెల్ట్ గట్టిగా బిగించారు గానీ ముందే సైజులు అడిగి ఉండాల్సింది. భోజనం మొత్తం బీఫ్ బ్రిస్కెట్, సాసేజ్, బీఫ్ తినని వాళ్ళకి బన్నూ బీన్సూ మాత్రమే, ముందుగా మెయిల్ పెడితే సర్దుతాం అని తర్వాత చెప్పారు, మీరు మాత్రం ముందే అడగండి, నేను పులిహోర పట్టుకెళ్ళా కాబట్టి సరిపోయింది, అది మెంటర్లే ఎక్కువ తిన్నారు. ఆడపిల్లలు ఉన్నారని తెలిసీ పొలం దగ్గర సరైన బాత్రూమ్ ఏర్పాటు లేదు. ఇంకో మెంటర్ ఒకాయన గేర్ బ్రాండ్ల గురించి మరీ ఎక్కువ మాట్లాడారు, పిల్లలు ఇంటికొచ్చి అవి కొనమని అడుగుతారు. అర మార్కు వీటికే.

డబ్బులిచ్చి గైడ్‌తో వెళ్ళడం కంటే ఇది బెటరా అని మా ఫ్రెండ్స్ అడుగుతున్నారు. గైడ్లలో మంచివాళ్ళు చాలామంది ఉంటారు, కానీ మాకు తెలిసిన ఒక కుటుంబం వాళ్ళ అబ్బాయిని ఒక గైడ్ సర్వీస్‌కి తీసుకెళ్తే, ఎవరిదో పేరు అనవసరం, అక్కడ గంటలో లిమిట్ కొట్టించి, బాతుల్ని వరసగా పేర్చి ఫోటో తీసి పంపించేశారు, ఏ బాతు తను కొట్టాడో ఆ పిల్లాడికే తెలియదు. గైడ్‌కి టైమ్ డబ్బు, తర్వాత కస్టమర్లు ఉంటారు. ఇక్కడ మెంటర్‌కి మీ పిల్ల తప్ప వేరే పని లేదు. వెతుక్కునేటప్పుడు ఇవి అడగండి: ఒక పిల్లకి ఒక మెంటర్ ఉంటారా, మెంటర్ చేతిలో తుపాకీ ఉంటుందా, పక్షుల్ని గుర్తుపట్టడానికి ఎంత టైమ్ ఇస్తారు, పిల్ల కొట్టను అంటే ఏం చేస్తారు. చివరి ప్రశ్నకి నసిగితే వద్దు.

ఎవరికి సెట్ అవుతుందంటే, పక్షులంటే ఇష్టం ఉండి, చెప్పింది వినే పిల్లలకి, వీడియో గేమ్‌లో కాల్చినట్టు ఉంటుందనుకునే వాళ్ళకి వద్దు, ఇంకో ఏడాది ఆగండి. శాకాహార కుటుంబాలు, హింస ఇష్టం లేని వాళ్ళు వెళ్ళాలని నేను అనను, వాళ్ళ అభిప్రాయం సరైనదే, అలాంటి వాళ్ళకి అనహువాక్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లో చలికాలం పొద్దున బైనాక్యులర్స్‌తో తిరగడం చాలు. ఇక్కడ నేర్చుకున్న పిల్లలకి ఇండియాలో ఇది నేరమని కూడా చెప్పి ఉంచండి, సెలవులకి వెళ్ళినప్పుడు అన్నయ్యలతో కలిసి ఎయిర్‌గన్ పట్టుకుని చెరువు గట్టు ఎక్కకుండా.

అమ్మకి ఇప్పుడు నా జవాబు ఇది: ఇక్కడ నేర్పేది కొట్టడం కన్నా ఆగడం. ఆవిడ పూర్తిగా ఒప్పుకోలేదు, మనవరాలిని "ఎన్ని వదిలేశావే?" అని అడుగుతుంది, ఇది "చాలా" అంటుంది, ఇద్దరికీ ఆ కబుర్లు అయిపోవు.

టెక్సాస్‌లో వెతకాలంటే మొదట టెక్సాస్ యూత్ హంటింగ్ ప్రోగ్రామ్ చూడండి, టెక్సాస్ వైల్డ్‌లైఫ్ అసోసియేషన్, స్టేట్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ కలిసి నడిపేది, బాతులే కాకుండా వేరే వేటలు కూడా ఉంటాయి. డెల్టా వాటర్‌ఫౌల్ వాళ్ళ ఫస్ట్ హంట్ ప్రోగ్రామ్ కూడా ఉంది. వేరే స్టేట్‌లో ఉంటే మీ స్టేట్ వైల్డ్‌లైఫ్ శాఖ సైట్‌లో మెంటర్డ్ హంట్ అని వెతకండి, వయసు రూల్స్ మారతాయి. హంటర్ ఎడ్యుకేషన్ వేసవి సెలవుల్లోనే చేయించెయ్యండి, సెప్టెంబర్ వచ్చాక ఫీల్డ్ డే (మనిషి ఎదురుగా తుపాకీ పట్టి చూపించే రోజు) స్లాట్లు దొరకడం కష్టం, లైసెన్స్ సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 దాకా, కాబట్టి ఆగస్టు ఆఖర్లో కొంటే పాతది కాకుండా కొత్త సంవత్సరానిదే కొనండి. వీసా డౌట్లు తప్ప మిగతావి ఏమైనా ఉంటే కింద అడగండి, తెలిసినంత చెప్తా.